తొక్కిన మంచు

నేను ఒక ఇంజను లేని బండిని. నా అంతట నేను ఎక్కడికీ పోలేను. ఎవరైనా ముందు కొక్కెం తగిలించి లాగితే పోతాను, విప్పి వదిలేస్తే వదిలేసినచోటే ఉంటాను. లోపల రెండు బల్లమంచాలు, ఒక వంటగట్టు, చేతులు కడుక్కునే తొట్టి, రెండు కిటికీలు, ఒక తలుపు. కాగితాల మీద నన్ను క్యాంపర్ ట్రైలర్ అని రాశారు కానీ నన్ను వాడుకున్నవాళ్ళలో ఒక్కరూ ఆ పేరుతో పిలవలేదు. ఒకాయన రథం అన్నాడు. ఒకాయన ఆఫీసు అన్నాడు. ఇప్పుడున్నవాళ్ళు డబ్బా అంటారు. నాకు ఈ చివరి పేరే నచ్చింది, అందులో అబద్ధం లేదు.

పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, లారీలకు బాడీలు కట్టే ఒక షెడ్డులో. కట్టినవాడు మేస్త్రి ఖాజావలి. ఆయన అంతవరకూ లారీలు తప్ప ఇంకేమీ కట్టలేదు. ఇల్లులాంటి బండి కావాలని వచ్చిన ఆసామి ఒక బొమ్మ చూపిస్తే, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పైన ఇంత గుండ్రంగా దేనికండీ, చోటు దండగ," అన్నాడు. అని నా కప్పును పీటలా చదును చేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. లారీ టాపు మీద సామాను జారిపోకుండా చూసే అలవాటు కొద్దీ కప్పు చుట్టూ జానెడు ఎత్తున రేకు అంచు కట్టాడు, డాబా మీద పిట్టగోడలాగా. దాని మీద పెయింటరు చేత తామరపూలు వేయించాడు. మూలల్లో నీళ్ళు పోవడానికి బెజ్జాలు పెట్టాడు. వాన గురించి ఆలోచించాడు, ఎండ గురించి ఆలోచించాడు, దొంగల గురించి కూడా ఆలోచించి తలుపుకు రెండు గడియలు పెట్టాడు. మంచు గురించి ఆలోచించలేదు. ఆయన ఎరిగిన మంచల్లా సోడాబండి మీది ఐసుగడ్డ. పని పూర్తయిన రోజు అంచు మీద చెయ్యి వేసి, "దీని మీద పదిమంది పడుకోవచ్చు," అన్నాడు. అది నిజమే, తరువాత పదిమందినీ మోశాను. కానీ మనుషులు తెల్లవారితే లేచి దిగిపోతారు. దిగిపోనిదాన్ని మోయడం వేరు.

నన్ను చేయించుకున్నది గుంటూరు మిరపకాయల వ్యాపారి కోటిలింగం గారు. ఆయనకు దేశమంతా చూడాలని కోరిక, బయట తిండి తినకూడదని పట్టుదల. ఈ రెండూ ఒక మనిషిలో ఉంటే నాలాంటిది పుట్టక తప్పదు. బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, రుబ్బురోలు, ఇంటిల్లిపాదీ ఎక్కి కాశీకి బయలుదేరారు. నాగపూరు చేరేసరికి ఎవరు ఏ కిటికీ దగ్గర కూర్చోవాలన్న దానిమీద ఇంట్లోవాళ్ళ మధ్య మాటల్లేవు. రుబ్బురోలు ఆయన కాలి మీద పడింది. అక్కడ ఒక హోటల్లో అందరూ కడుపునిండా పూరీలు తిని వెనక్కి తిరిగారు. ఆ తరువాత నేను ఆయన గోడౌను వెనక మిరపకాయల బస్తాలకు కొట్టునయ్యాను. ఏళ్ళ తరబడి ఆ ఘాటు నా చెక్కల్లోకి ఇంకిపోయింది. ఇప్పటికీ లోపల పొయ్యి వెలిగిస్తే తుమ్మనివాడు లేడు.

ఆయన నుంచి ఒక సొరంగాల కాంట్రాక్టరు కొన్నాడు. లారీకి తగిలించి ఎన్ని రాష్ట్రాలు దాటించాడో, హిమాచల్‌లో కొండలు ఎక్కించి, కనుమ దాటించి, లాహౌల్ లోయలో ఒక నది ఒడ్డున దింపాడు. కాశీకి పోలేని నేను అంతకంటే పైకి పోయాను. అక్కడ కరెంటు కోసం నదిని కొండలోంచి మళ్ళించే పని. సర్వే ఇంజనీరు ఒకాయన నాలో కాపురమున్నాడు, తుమ్ముతూనే. ఎండాకాలం గడిచింది, చలికాలం దగ్గరపడింది. కనుమ మూసుకుపోతే పని సాగదు కనుక యంత్రాలను షెడ్లలో పెట్టి అందరూ కిందికి దిగిపోయారు. నన్ను యార్డులో ఒక మూలకు నెట్టి, చక్రాలు నేలకు తగలకుండా నాలుగు మూలలా జాకీలు పెట్టి, తాళం వేశారు. షెడ్డు మాత్రం నాకు దక్కలేదు. నేను యంత్రాన్ని కాదు కదా.

కాపలాకు ఇద్దరు మిగిలారు. తిప్పేస్వామి, అతని భార్య మారెక్క. అనంతపురం జిల్లాలో ఉరవకొండ దగ్గరి పల్లె వాళ్ళది. పెళ్ళయిన కొత్తలో మేస్త్రి వెంట ఏదో డ్యాము పనికని ఊరు వదిలారు. ఒక డ్యాము అయితే ఇంకొకటి, అదయితే ఒక కాలువ, తరువాత ఒక సొరంగం. అతడు సెంట్రింగు పని, ఆమె కూలీలకు వంట. పని మొదలైనప్పుడు రేకుల షెడ్డు వేసుకోవడం, ఆమె అందులో గూళ్ళు పెట్టి, అలికి, ఒక ఇంటి రూపం తేవడం, పని అయిపోగానే ఆ రేకులు ఊడదీసి లారీకి ఎక్కించడం. ఇలా ఎన్నిచోట్ల పొయ్యి పెట్టిందో ఆమెకే గుర్తులేదు. కట్టినవన్నీ పెద్దపెద్దవి, ఉన్నవన్నీ ఊడదీసేవి. మారెక్క కోరిక ఒకటే, తనతో పాటు కదిలే ఇల్లు ఒకటి కావాలి. దానికో తలుపు ఉండాలి, ఆ తలుపు తనది కావాలి.

అందుకే మేనేజరు భుజంగరావు గారు కిందికి దిగే ముందు ఆమె నా గురించి అడిగింది. ఆయన జీపులో ఒక కాలు పెట్టి ఆలోచించాడు.

"చూడమ్మా, ఈ చలికాలం దాటేదాకా ఇది బాగుంటే మీరే తీసుకోండి. కాపురం పెట్టుకుంటారో, టీకొట్టు పెట్టుకుంటారో మీ ఇష్టం. తరువాతి పనికి కంపెనీ లారీకే తగిలించి పంపిస్తాను. పాడైపోతే మాత్రం తుక్కులో వేయిస్తాను. మళ్ళీ నన్ను అడగొద్దు."

ఆ మాట ఇచ్చి ఆయన వెళ్ళిపోయాడు. చలికాలాన్ని ఒక మనిషికి అప్పజెప్పి వెళ్ళడం ఎంత సులువో చూడండి.

ఆ రోజు నుంచి మారెక్క రోజూ నా దగ్గరికి వచ్చేది. లోపల ఊడ్చేది, కిటికీలు తుడిచేది, ఏ గూట్లో ఏం పెట్టాలో చేత్తో కొలుచుకునేది. నా మెట్టు ముందు ముగ్గు వేసేది. మంచు పడడం మొదలయ్యాక, తెల్లటి మంచు మీద తెల్లటి ముగ్గు కనబడదు కనుక పొయ్యిలో బొగ్గు నూరి నల్లముగ్గు వేసింది. పెద్దగా ఎవరూ చూడని చోట ఆ ముగ్గు ఎందుకని మీరు అడగవచ్చు. నేను చూశాను.

మొదటి మంచు పడిన పొద్దున తిప్పేస్వామి యార్డులోకి వచ్చి నన్ను చూశాడు. తరువాత నదికి అవతలి గట్టున ఉన్న ఊరిని చూశాడు. అక్కడి ఇళ్ళన్నీ చదునైన మట్టి మిద్దెలు, అచ్చం వాళ్ళ ఊళ్ళో ఉన్నట్టే. ఆ మిద్దెల మీద మనుషులు చీమల్లా అటూ ఇటూ తిరుగుతున్నారు. అతడి మొహం విప్పారింది.

"సూడు మే, ఈళ్ళూ మన మాదిరే. మంచు పడితానే మిద్దెలెక్కినారు."

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. వాళ్ళ సీమలో పాత ఇళ్ళకు మట్టి మిద్దెలు. దూలాల మీద కట్టెలు పరిచి, మట్టి మెత్తి, పైన చవుడు మట్టి పోస్తారు. వాన పడిన ప్రతిసారీ ఇంటి మగవాడు మిద్దె ఎక్కి, మెత్తబడిన మట్టిని దిమ్మిసతో దంచి, కాళ్ళతో తొక్కి గట్టిపరచాలి. లేకపోతే నీళ్ళు లోపలికి దిగి దూలాలు కుళ్ళుతాయి. తిప్పేస్వామి తండ్రి చేసిన పని అది. తండ్రి పోయాక అతడు చేయవలసిన పని. కానీ అతడు ఎక్కడో డ్యాము కడుతుండగా ఊళ్ళో ముసురు పట్టింది, తొక్కేవాడు లేక మిద్దె కూలిపోయింది. కబురు అందేసరికి అక్కడ మట్టికుప్ప మిగిలింది. ఆ సంగతి అతడు ఎప్పుడూ ఎత్తడు. ఎత్తకపోయినా అతడి నడకలో తెలుస్తూనే ఉంటుంది.

"మంచును తొక్కితే ఏమొస్తాదప్పా?" అని మారెక్క అడిగింది.

"మన్నైతేనేం, మంచైతేనేం. తొక్కకపోతే లోపలికి దిగుతాది. మిద్దెను గాలికి వదిలేస్తే ఏమయితాదో నీకు తెలీదా?"

ఆమెకు తెలుసు.

అతడు దేవదారు మొద్దు ఒకటి చెక్కి దిమ్మిస చేసుకున్నాడు. నిచ్చెన వేసుకుని నా మీదికి ఎక్కి, ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుసగా దంచాడు, తొక్కాడు, మళ్ళీ దంచాడు. నిజం చెప్పాలంటే నాకు బాగుండింది. కోటిలింగం గారి పిల్లలు నా మీద గెంతారే గానీ ఇంత నిదానంగా ఎవరూ నా మీద నడవలేదు. దూదిలా పడిన మంచు అతడి కాళ్ళ కింద బండలా బిగిసింది. ఖాజావలి కట్టిన అంచు దాన్ని నాలుగువైపులా పట్టి ఉంచింది. అతడు దిగివచ్చి, చేతులు దులుపుకుని, ఒక మంచిపని చేసిన మనిషి టీ తాగినట్టు టీ తాగాడు. నన్ను అంత శ్రద్ధగా పాడుచేసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

మళ్ళీ మంచు పడింది, అతడు మళ్ళీ ఎక్కాడు. జ్వరంతో ఉన్న రోజు కూడా కంబళి చుట్టుకుని ఎక్కాడు. పొర మీద పొర బిగిసింది. మూల బెజ్జాలు ఎప్పుడో గడ్డకట్టి పూడిపోయాయి. నా కప్పు కింద అడ్డంగా మూడు ఇనుప కమ్ములు ఉన్నాయి. అవి గుంటూరు ఎండకూ కాలువగట్ల కుదుపుకూ పుట్టినవి. పగలు కొంచెం కరిగి, సాయంత్రానికి మళ్ళీ బిగిసే ఆ బరువు కింద అవి మెల్లగా మూలగడం మొదలుపెట్టాయి. బరువు ఒక్కసారిగా మీద పడితే ఎవరైనా గమనిస్తారు. రోజుకు కాస్త చొప్పున పడితే మోసేవాడికి కూడా అలవాటైపోతుంది. మారెక్కకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు.

ముందుగా నా తలుపు పట్టేసింది. పైన చట్రం వంగి తలుపును నొక్కుతోందని వాళ్ళకు తోచలేదు. చెక్క తేమకు ఉబ్బిందనుకుని తిప్పేస్వామి తలుపు ఊడదీసి అంచంతా చిత్రిక పట్టాడు. కొన్నాళ్ళకు మళ్ళీ పట్టేసింది, మళ్ళీ చిత్రిక పట్టాడు. అలా నా తలుపు సన్నబడింది. తరువాత ఎవరూ ముట్టుకోకుండానే కిటికీ అద్దం చిట్లింది. అది చూసి అతడు కప్పు సరిగ్గా తొక్కలేదేమోనని ఆ రోజు రెండుసార్లు ఎక్కాడు.

మేలుకొలుపు పాల వల్ల వచ్చింది. క్యాంపులో పాలపొడి అయిపోయి, మారెక్క వేలాడే వంతెన దాటి అవతలి ఊరికి పోయింది. దూరం నుంచి చీమల్లా కనబడిన మనుషులను దగ్గర నుంచి చూసింది. ఆమె తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పాలచెంబుతో పాటు వెడల్పాటి చెక్కపార ఒకటి ఉంది. ఆ ఊరి ముసలామె ఇచ్చిందట. వంతెన మీద నుంచే పిలుస్తూ వచ్చింది.

"సామీ, దిగు. ఆళ్ళు తొక్కడం లేదు. తోసేస్తాండారు. పడింది పడినట్ల కిందికి తోసేస్తాండారు. ఒగ పిడికెడు గూడా మింద ఉంచడం లేదు."

నా మీద దిమ్మిస ఆగిపోయింది. అతడు అవతలి గట్టు వైపు చాలాసేపు చూశాడు. ఆ మిద్దెల గోడల కింద గుట్టలుగా పడి ఉన్న మంచు ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. అతడికి కనబడలేదంటే, తాను చూడాలనుకున్నదే చూశాడన్నమాట. మనుషుల కళ్ళకు అదొక జబ్బు.

"ఆ ముసలామె ఇంగొకటి చెప్పింది," అంది మారెక్క. "మాట అర్థం కాలేదు గానీ, ఆకాశం చూపిచ్చి, చెయ్యి ఇట్ల మెడకాడ పెట్టింది. పెద్దది వస్తాదంట."

అతడు పార అందుకున్నాడు. పైపైన ఉన్న కొత్త మంచు తేలిగ్గానే పోయింది. కింద ఉన్నది అతడి చేతుల్తో, కాళ్ళతో తయారైన బండ. పార అంచు దాని మీద గీత కూడా పెట్టలేదు. అతడు గడ్డపార తెచ్చాడు. మారెక్క నిచ్చెన ఎక్కి గడ్డపార కొసను రెండు చేతులా పట్టుకుంది.

"రేకు చీలితే ఇంగేముంది? ఆ బొక్కలోంచి నీళ్ళు దిగితే మిగిలేది తుక్కే గదా."

పెద్ద గంగాళాల్లో నీళ్ళు కాచి పోశారు. పోసిన నీళ్ళు కాస్తంత కరిగించి, ఆ కరిగినదానితో సహా తామూ గడ్డకట్టాయి. సాయంత్రానికి నా బరువు పెరిగింది తప్ప తగ్గలేదు. ఇద్దరూ నా మెట్టు మీద కూలబడ్డారు. తాను తొక్కిన ఒక్కొక్క రోజూ నా నెత్తిన పొరలుగా తిప్పేస్వామికి కనబడుతోంది. నాకు అతడి మీద కోపం రాలేదు. అలసిపోయినవాడి తప్పు మీద అలసిపోయినదానికి కోపం రాదు.

మర్నాడు పొద్దున్నే అతడికి ఒక ఉపాయం తోచింది. సెంట్రింగు పనివాడు కదా, పైనున్న బండను కింద నుంచి వదిలించడం అతడికి తెలిసిన విద్యే. ముందు లోపల మూడు కమ్ముల కింద దుంగలతో పోట్లు పెట్టాడు. కప్పు ఇంకా కిందికి దిగకుండా నిలబెట్టే కర్రలు అవి. తరువాత లోపల రేకు పొయ్యి పెట్టి బొగ్గు రాజేశాడు. వేడికి రేకును అంటుకున్న పొర కాస్త వదులవుతుంది. అప్పుడు నదివైపు అంచు కోసేసి, ఇటువైపు జాకీలు పైకి లేపితే, బండ మొత్తం తనంతట తానే అటు జారిపోవాలి.

పొయ్యి వేడెక్కగానే కోటిలింగం గారి మిరపకాయలు మేలుకున్నాయి. ఇద్దరూ కళ్ళ నీళ్ళు కారుస్తూ, దగ్గుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వచ్చారు.

"ఈ డబ్బాలో ఎవురో మిరపతోట ఏసినారు మే," అన్నాడు అతడు ఊపిరి తీసుకుంటూ. మారెక్కకు నవ్వు వచ్చింది. నవ్వుతూ దగ్గింది, దగ్గుతూ నవ్వింది. ఆ చలికాలంలో వాళ్ళు నవ్వగా నేను విన్నది అదొక్కసారే.

తరువాత రంపం బ్లేడుతో నా అంచు కోశాడు. తామరపూలు ఒక్కొక్కటే మంచులో పడ్డాయి. నాకు నొప్పి తెలియదు గానీ, ఆ రేకును అరచేత్తో నిమిరిన ఖాజావలి గుర్తుకొచ్చాడు. మబ్బు అప్పటికే లోయలోకి దిగింది. గాలి ఆగిపోయింది. రెండు మూడు మంచు పలుకులు పడనే పడ్డాయి.

మారెక్క జాకీ పిడి పట్టుకుంది. అతడు లోపలికి పోయాడు. ఒకవైపు లేచేకొద్దీ పోట్లు జరిగిపోతాయి కనుక, ఎప్పటికప్పుడు వాటి కింద చెక్కముక్కలు కొట్టి బిగించడానికి లోపల ఒక మనిషి ఉండాలి. ఆమె పిడి తిప్పింది. నేను ఒక పక్కకు ఒరిగాను. నా మీద బండలో ఎక్కడో చిటుక్కుమంది. ఆమె ఇంకా తిప్పింది. బండ ఒక అంగుళం కదిలింది, ఆగింది. అంత బరువు ఒకేసారి ఒకవైపుకు మొగ్గడంతో నా నడిమి కమ్మి కిందికి వంగింది. దాని కింది పోటు పక్కకు తప్పుకుంది. లోపల తిప్పేస్వామి ఆ కమ్మికి భుజం ఆనించి, ఒక చేత్తో దుంగను మళ్ళీ దాని కిందికి లాక్కుంటున్నాడు.

బయట నుంచి నా కప్పు నడుమ ఎలా కుంగిందో మారెక్క చూసింది. పిడి వదిలేసి తలుపు దగ్గరికి వచ్చింది.

"బయటికి రా."

"ఒగ నిమిషం. ఈ పోటు పడితే నిలబడతాది."

"నిలబడొద్దు. నువ్వు రా."

"ఇది నీ ఇల్లు మే. ఒగసారి నేను లేక పోయింది. ఈసారి నేనుండా."

"ఉండావు కాబట్టే రమ్మంటాండా." ఆమె గొంతు పెంచలేదు. "మన మిద్దె పడినపొద్దు నువ్వు దాని కింద లేవు. కబురు తెలిసి అందరూ ఇల్లు పోయెనే అని ఏడ్చినారు. నేను మాత్రం నువ్వు ఊళ్ళో లేవని దేవునికి మొక్కుకున్నా. ఇన్నేండ్లూ నీకు చెప్పలేదు, ఇప్పుడు చెప్తాండా. నాకు ఈ డబ్బా వద్దు. పోతే పోనీ. రా."

లోపల చప్పుడు ఆగింది. అతడి భుజం నా కమ్మికి ఇంకా ఆనే ఉంది. కాసేపటికి అతడు దుంగను నేల మీద మెల్లగా పెట్టి, నడుం వంచి, సన్నబడ్డ నా తలుపులోంచి బయటికి వచ్చాడు.

అతడు బయటికి వచ్చేదాకా నేను ఓర్చుకున్నానని చెప్పుకోవచ్చు. వినేవాళ్ళకు బాగుంటుంది. కానీ ఇనుముకు ఓర్చుకోవడం తెలియదు, విరిగే సమయానికి విరుగుతుంది. ఆమె అతడి చెయ్యి పట్టుకుని పది అడుగులు లాక్కుపోయాక నడిమి కమ్మి విరిగింది. బండ రెండు ముక్కలైంది. ఒక సగం, కోసిన అంచు మీదుగా నదివైపుకు జారిపోయింది. ఇంకో సగం నా కప్పును చీల్చుకుని, మారెక్క కొలుచుకున్న గూళ్ళ మీద, బల్లమంచాల మీద, మండుతున్న పొయ్యి మీద పడింది. పొయ్యి ఒకసారి బుస్సుమని ఆరిపోయింది. మారెక్క ఏడ్చింది. వద్దనుకున్నదాని కోసం కూడా ఏడవడం మనుషులకే చేతనవును. తిప్పేస్వామి ఆమె పక్కన నిలబడ్డాడు, ఆమె చెయ్యి మాత్రం విడిచిపెట్టలేదు. ఆ మధ్యాహ్నమే ముసలామె చెప్పిన పెద్ద మంచు మొదలైంది. నన్ను, కోసిన తామరపూలను, నల్లముగ్గును అన్నింటినీ కప్పేసింది. నాకు చాలా రోజుల తరువాత తేలిగ్గా అనిపించింది.

కనుమ తెరుచుకున్నాక భుజంగరావు వచ్చాడు. నా లోపల ఇంకా కరగని మంచు, పైన ఆకాశం. ఆయన ఒకసారి తొంగిచూసి ముక్కు రుద్దుకున్నాడు.

"అనుకున్నాను. తుక్కే ఇది. చెప్పాను కదమ్మా, మళ్ళీ అడగొద్దని."

"అడగను సార్. చక్రాలు బాగుండాయి, నేల బాగుండాది, మూడు పక్కల గోడలు బాగుండాయి. పోయింది కప్పు. జీవితమంతా కప్పులు కట్టినోళ్ళం, ఊడదీసినోళ్ళం. మాకు అదొక పనా?"

"మాట మాటేనమ్మా."

"దీన్ని తుక్కుకు పంపాలంటే మీరు కనుమ దాటిచ్చి కిందికి మోయాల. మేమైతే మేం పోయే లారీకే తగిలిచ్చుకొని తీసకపోతాం."

ఆయన కనుమ వైపు చూశాడు. ఆ మలుపులన్నీ కళ్ళముందు మెదిలినట్టున్నాయి. పట్టుకుపొమ్మన్నాడు. జాలి చేయలేని పనులు చాలావరకు బద్ధకం చేస్తుంది, నా బ్రతుకులో చాలాసార్లు చూశాను.

కప్పు కట్టడానికి తిప్పేస్వామి ముందు ఒప్పుకోలేదు. ఆ ఎండాకాలంతో అక్కడి పని అయిపోయింది, ఊడదీసిన షెడ్డు రేకులు పక్కన పేర్చి ఉన్నాయి. అతడు వాటిని చూస్తూ కూర్చున్నాడు.

"నా చెయ్యి మిద్దెలకు అచ్చిరాదు మే. ఇంగెవురితోనైనా కట్టిచ్చుకో."

"అయితే మిద్దె కట్టొద్దు. మనూళ్ళో గడ్డి కొట్టం లేదా, ఆ మాదిరి కట్టు. ఏం పడినా నిలవకూడదు."

అతడు కట్టాడు. రెండువైపులా నిటారుగా వాలే కప్పు, నడుమ ఎత్తయిన శిఖరం. అంచూ లేదు, బెజ్జాలూ లేవు. ఖాజావలి చూస్తే చోటు దండగ అని తిట్టేవాడు.

ఇప్పుడు నేను మహారాష్ట్రలో ఒక కాలువ పని దగ్గర ఉన్నాను. నల్లరేగడి నేల, మంచు అన్న మాట కూడా ఎవరూ ఎత్తని ఎండ. నాలో మారెక్క టీ కాస్తుంది, బొరుగులతో ఉగ్గాణి చేస్తుంది. తిన్నవాళ్ళు కారం బాగుందని మెచ్చుకుంటారు, అందులో కోటిలింగం గారి వాటా ఎంతో ఆమెకు తెలియదు. ఎండాకాలం అందరూ షెడ్ల బయట, లారీ టాపుల మీద, ఎక్కడ గాలి తగిలితే అక్కడ పడుకుంటారు. నా మీద పిల్లి కూడా పడుకోలేదు. గుడి గోపురంలా ఇదేంటని కూలీలు నవ్వుతారు. తిప్పేస్వామి దేవదారు దిమ్మిసను మాత్రం నా మంచం కింద దాచుకున్నాడు. ఎందుకో ఆమె అడగలేదు.

మొన్న మొదటి వాన వచ్చింది. మధ్యాహ్నం, పనులు ఆగిపోయిన వేళ. నా మెట్టు మీద కూర్చున్న తిప్పేస్వామి చటుక్కున లేచాడు. మంచం కింది నుంచి దిమ్మిస తీసి భుజాన వేసుకుని వానలోకి నడిచాడు. అలా తలెత్తి నా వాలు కప్పును చూస్తూ తడుస్తూ నిలబడ్డాడు. నీళ్ళు రెండువైపులా ఒక్క క్షణం కూడా ఆగకుండా జారిపోతున్నాయి. అతడికి అక్కడ చేయడానికి ఏమీ లేదు.

"ఎక్కేదానికేముంది పైన," అంది మారెక్క తలుపులోంచి, గ్లాసు అందిస్తూ. "కూసో."

అతడు వచ్చి కూర్చున్నాడు. టీ తాగాడు. దిమ్మిసను పక్కన పెట్టి నా తలుపుకు వీపు ఆనించాడు. అతడు చిత్రిక పట్టీ పట్టీ సన్నం చేసిన తలుపు అది, గడియలు రెండున్నా ఇప్పటికీ సరిగ్గా పడదు. కాసేపటికి అతడి తల పక్కకు వాలింది. వాన పడుతుండగా తిప్పేస్వామి నిద్రపోవడం నేను చూడడం అదే మొదటిసారి.